భీమయ్య కంబం మీది అరవై ఒక్క బొమ్మలు

పోయినవాటి లెక్క ముందు రాస్తాను. ఫోను ఒకటి, అందులో మూడు వందల ఎనభై ఆరు ఫోటోలు. నలభై కాగితాల గళ్ల నోటుబుక్కు ఒకటి, అందులో ఇరవై మూడు నిండినవి. అయిదు మీటర్ల టేపు ఒకటి. ఆరు పెన్సిళ్లలో నాలుగు. తర్లగూడలో బేరమాడి కొన్న చార గింజలు, లోపలి సారపప్పు ఇంకా వలవనివి, ఒక కిలో. కుడికాలి చెప్పు. చెప్పు తప్ప మిగతావన్నీ ఒకే గుడ్డసంచిలో ఉన్నాయి, ఒకే వాగులో పోయాయి. దానికి ముందు రోజు ఇంకొకటి పోయింది. ఏడడుగుల ఎనిమిది అంగుళాల చెక్కడపు కొయ్య. అది వాగులో పోలేదు, నా మాట మీద పోయింది.

నేను ఖమ్మంలో ఇళ్లకు అంచనాలు వేస్తాను. ఇటుక ఎంత, ఇనుము ఎంత, ఇసుక ఎన్ని ట్రాక్టర్లు అని చెప్పడం నా పని. ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. కొంత మా నాన్న దగ్గర, మిగతాది తప్పులు చేసి నేర్చుకున్నాను. నలభై దాటాక పాత శిల్పాల పిచ్చి పట్టింది. రిటైరైన ఒక డ్రాయింగ్ మాస్టారు ఆదివారాలు మమ్మల్ని పాత గుళ్లకు తీసుకెళ్లి బొమ్మలు చదవడం నేర్పేవారు. కళాచరిత్ర రాసేవాళ్లు శిల్పం ముందు కూర్చుని గీసేది అందం కోసం కాదని ఆయన దగ్గరే తెలిసింది. ఫోటో తీసేవాడు ఏ ప్రశ్నకూ జవాబు చెప్పక్కర్లేదు. గీసేవాడు ప్రతి గీతకూ చెప్పాలి. ఈ చెయ్యి ఆ నడుముకు ముందుందా, వెనకుందా? ఈ హారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది? ఒకసారి స్తంభం మీది నాట్యకత్తెను గీసి అయిపోయిందన్నాను. "ఎడమ పాదమేదమ్మా?" అని అడిగారు. నా కాగితం మీద లేదు. మళ్లీ వెళ్లి చూస్తే శిల్పం మీదా లేదు. చెక్కినవాడు దాన్ని మద్దెల వెనక దాచేశాడు. అంతకు ముందు ఆ బొమ్మను నేను ఆరుసార్లు చూసి ఉంటాను.

ఈ ప్రయాణం కన్నయ్య వల్ల వచ్చింది. అతను నేను అంచనా వేసిన ఇళ్లలో మూడేళ్లు మేస్త్రీగా పని చేసి, సొంతూరికి వెళ్లిపోయాడు. పోయిన వేసవిలో ఫోను చేశాడు. "అక్కా, మా నాయన కంబం ఒరిగింది, చెద తిన్నది. కొత్తది చెక్కిస్తున్నం. పాతదాని మీది బొమ్మలన్నీ కొత్తదాని మీదికి రావాలె. నువ్ గీస్తవ్ గద?"

తర్లగూడ

రాష్ట్రం సరిహద్దు దాటాక బస్సు దిగి టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాను. సంచిలోంచి టేపు కొంచెం బయటికి కనిపిస్తోంది. కొట్టు నడిపే ఆమె టీ ఇచ్చి, డబ్బులు తీసుకోకుండా టేపు వైపే చూసింది.

"రోడ్డుకా?"

"కాదమ్మా."

"కొలిసేటోళ్లు అందరు కాదనే అంటరు. పొలానికి ముఆవజా పైసలు ఎంతిస్తరో అది జెప్పు. మా బావ పొలం అంచుకే ఉన్నది."

బొమ్మలు గీయడానికి వచ్చానంటే పక్కన బీడీ కాలుస్తున్న ముసలాయన నవ్వాడు. "బొమ్మకు టేపెందుకే? దానికి అంగీ కుట్టిస్తవా?" అక్కడున్న అయిదుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. చార గింజలు అమ్మింది కూడా ఆ కొట్టామే. కిలోకు పదిహేను రూపాయలు తగ్గించి, ఆ పదిహేనూ టీలో కలిపేసుకుందని నాకు తర్వాత లెక్క తేలింది.

కన్నయ్య మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఊరి పేరు రాయనని వాళ్లకు మాటిచ్చాను. చెక్కిన కొయ్యల్ని తీసుకుపోయి అమ్మేవాళ్లు ఉన్నారట, అందుకని.

కన్నయ్య ఊరు

మా వైపు మనిషి పోతే ఫోటోకు దండ వేసి గోడకు తగిలిస్తాం. చూడాలంటే ఆ ఇంట్లోకి వెళ్లాలి. ఇక్కడ పోయిన మనిషి పేరున చెక్కిన కొయ్య, కంబం అంటారు, దారి పక్కన నిలబడుతుంది. కన్నయ్య తండ్రి భీమయ్యది చింతల తోపు అంచున ఉంది. నలుచదరం కొయ్య, నాలుగు ముఖాలు. కింద అడుగున్నర వదిలేసి, అక్కడి నుంచి కొస దాకా బొమ్మలే. ఎద్దులు, విల్లు పట్టిన మనిషి, చేపలు, తాడిచెట్టు, చేతులు కలిపి ఆడే ఆడవాళ్లు.

కన్నయ్య తల్లి లచ్చమ్మ నన్ను చూడగానే ముందు దొప్పలో జావ పోసింది. పక్కన ఎర్రచీమల పచ్చడి పెట్టింది. నిమ్మకాయ పిండినట్టు పుల్లగా, వెంటనే కారంగా ఉంది. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. ఆమె కళ్లలో పొర వచ్చింది, మనిషిని నీడలా మాత్రమే చూస్తుంది.

"అయి బొమ్మలు గాదు బిడ్డా, ఆయన సామాన్లు. ఒక్కటి తక్కువైనా, నేను పోయినంక అక్కడ నన్నే అడుగుతడు," అంది.

"ఒక్కటీ పోనివ్వను అవ్వా," అన్నాను.

మొదటి రోజు మొదటి ముఖం గీశాను. గళ్ల కాగితం మీద ఒక గడి అంటే కొయ్య మీద రెండు సెంటీమీటర్లు. అయిదు గంటలు పట్టింది. పదిహేడు బొమ్మలు. రెండో రోజు రెండో ముఖం. సగం దాకా వచ్చాక నా చెయ్యి ఇబ్బంది పడటం మొదలైంది. నేను ఉలి గాట్లు ఎటు వాలితే అటే పెన్సిల్ గీతలు వేస్తాను. పొద్దుటి నుంచి హాయిగా సాగిన గీతలు, తాడిచెట్టు కింది నుంచి నా మణికట్టుకు ఎదురు తిరిగాయి. కాగితం తిప్పి పెడితే తప్ప వెయ్యలేకపోయాను. లేచి కొయ్య దగ్గరికి వెళ్లి చూశాను. నిజమే, అక్కడి నుంచి గాట్లన్నీ అటు నుంచి ఇటు వాలాయి.

సాయంత్రం చెక్కే మనిషి మాసా వచ్చాడు. కొత్త కంబానికి నల్లమద్ది మొద్దును ట్రాక్టర్ మీద తెచ్చాడు. భీమయ్య కంబం చెక్కింది అతని తండ్రేనని కన్నయ్య ముందే చెప్పాడు.

"మాసా, ఇది ఇద్దరు చెక్కారు కదా? రెండో ఆయనది ఎడమచెయ్యి," అన్నాను.

మాసా చేతిలోని తాడు వదిలేశాడు. "ఎవలు జెప్పిండ్రు నీకు?"

"నా మణికట్టు."

"మా నాయనకు నడుమల జరమొచ్చింది మేడం. మిగిలింది మా చిన్నాయన చేసిండు. డేబ్రి చెయ్యోడే. ఊర్ల కూడ ఇప్పుడెవలకు యాది లేదు." కాసేపు కొయ్యనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "మా నాయనది యాడ ఆగిందో సూపెట్టు." నేను చూపించాను. అక్కడ వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

ఆ పూట నాకు చాలా గర్వంగా ఉంది. జరిగినదానికి ఆ గర్వమూ ఒక కారణమే.

మూడో ముఖం దగ్గర

రెండు ముఖాలకు పదకొండు గంటలు పట్టింది. మిగిలిన రెండింటికీ మరో పదకొండు కావాలి. మూడో రోజు నా దగ్గర ఉన్నవి నాలుగు గంటలు. మర్నాడు బీజాపూర్ వెళ్లి ఇంటి బస్సు ఎక్కాలి, ఖమ్మంలో ఒక స్లాబు అంచనా కోసం మనుషులు ఎదురు చూస్తున్నారు. నేను చేసే పనిలో టైము చాలకపోతే ఒక పద్ధతి ఉంది. కొలవలేనిదాన్ని లెక్కపెట్టి రాసుకుంటాం. అదే చేశాను. మూడో ముఖం పన్నెండు, నాలుగో ముఖం పద్దెనిమిది. ఏ రకానివి ఎన్నో కూడా విడివిడిగా రాశాను. నాలుగు ముఖాలూ కలిపి అరవై ఒకటి. ప్రతి బొమ్మకూ దగ్గర నుంచీ దూరం నుంచీ ఫోటోలు తీశాను. బీజాపూర్‌లో వాటిని పెద్దగా ప్రింటు తీయించి కన్నయ్యతో పంపుతానన్నాను. మరోసారి కూడి చూశాను. లెక్క సరిపోయింది. సరిపోయింది కాబట్టి పని అయిపోయిందనుకున్నాను.

కొత్త కంబం పాతదాని గుంతలోనే నిలబడాలి. పాతది అప్పటికే దారి మీదికి వాలి ఉంది. మాసా దానికి మోకు కట్టి నా వైపు చూశాడు.

"అన్ని ఒచ్చినయా మేడం?"

"ఇంకో నాలుగు దినాలు ఆగుదమా?" అంది లచ్చమ్మ.

"అన్నీ నా దగ్గర ఉన్నాయి అవ్వా. తియ్యండి," అన్నాను.

లాగారు. కొయ్య లోపల కొయ్య లేదు, చెదపుట్ట ఉంది. నేలకు తగలగానే మూడో ముఖమూ నాలుగో ముఖమూ మట్టిలా రాలిపోయాయి. మిగిలిన ముక్కల్ని పోగు చేసి, దండం పెట్టి, అక్కడే కాల్చేశారు. లచ్చమ్మ బూడిద వైపు కాకుండా నా సంచి వైపు తిరిగి కూర్చుంది. అప్పటికి ఆమె మొగుడి సామానంతా అందులోనే ఉంది.

రప్టా

తెల్లవారుజామున పెద్ద వాన పడింది. బీజాపూర్ దారిలో ఒక వాగుంది, దాని మీద ఎత్తులేని సిమెంటు దారి వేశారు. రప్టా అంటారు. పాదం మునిగే నీళ్లు పారుతున్నాయి, సిమెంటు మీద పాచి పట్టింది. కన్నయ్య మెల్లగానే పోనిచ్చాడు. బండి వెనక చక్రం పక్కకు జారింది. మేమిద్దరం ఇటు పడ్డాం, సంచి అటు పడింది. అటు వైపు మడుగు.

మూడు గంటలు వెతికాం. కన్నయ్య పదిహేను సార్లు మునిగాడు. దొరికినవి రెండు పెన్సిళ్లు.

"ఫోటోలు యాడనన్న ఎక్కి ఉంటయి గద అక్కా? నెట్ల?"

"మీ ఊళ్లో నెట్ ఎక్కడుంది కన్నయ్యా?"

తడి చొక్కా పిండుకుంటూ రాయి మీద కూర్చున్నాడు. "మరి అవ్వకు ఏం జెప్పాలె?"

మోకాలు చెక్కుకుపోయింది, ఒక కాలికి చెప్పు లేదు. చక్కగా ఇంటి బస్సు ఎక్కేయొచ్చు, ప్రమాదం ఎవరికైనా జరుగుతుంది. కానీ కొయ్యను తియ్యమన్నది వాగు కాదు. "బీజాపూర్ పోదాం. కాగితాలు కొనుక్కుని ఇవాళే వెనక్కి వద్దాం," అన్నాను.

బీజాపూర్

బజారులో గళ్ల నోటుబుక్కు దొరకలేదు. నాలుగు గీతల కాపీలున్నాయి, పద్దు పుస్తకాలున్నాయి. తెల్ల కాగితాలూ స్కేలూ కొన్నాను. జత అరవై రూపాయలకు రబ్బరు చెప్పులు కొన్నాను. మా దగ్గర అవి తొంభై. ఒక హోటల్లో పూరీ కూర చెప్పి, కాగితాల మీద గళ్లు నేనే గీసుకుని మొదలుపెట్టాను.

మొదటి ముఖం కింది నుంచి వచ్చింది. నేను గుర్తు తెచ్చుకోనే లేదు. ఎద్దు మూపురం గీయగానే పలుపుతాడు ఎటు పోవాలో చేతికి తెలిసింది. ఆడవాళ్ల వరసలో ఎవరి చెయ్యి ఎవరి వీపు వెనకో తెలిసింది. రెండో ముఖం దగ్గర తాడిచెట్టు దాటగానే నేను చూసుకోకుండానే కాగితం తిప్పి పెట్టాను. హోటలాయన రెండుసార్లు వచ్చి, "దీదీ, టేబుల్ ఖాళీ కరో" అన్నాడు. మూడోసారి వచ్చి భుజం మీదుగా చూసి టీ పెట్టి వెళ్లాడు. మూడున్నర గంటల్లో ముప్ఫై ఒక్క బొమ్మలూ కాగితం మీద ఉన్నాయి.

మూడో ముఖానికి కాగితం పరిచాను. గళ్లు గీశాను. పెన్సిల్ పెట్టాను. పన్నెండు అనే అంకె ఉంది. చేపలు మూడు, పిట్టలు మూడు అని ఒక్కో రకం లెక్క కూడా తప్పు లేకుండా ఉంది. ఒక్క చేప రాలేదు. దాని తోక ఎటు ఉందో తెలియదు. ఒక్కో బొమ్మకు ఆరు ఫోటోలు తీసిన మనిషిని, దేన్నీ చూడలేదు. తొందరలో ఎత్తిపెట్టుకున్నాను అంతే.

మళ్లీ అదే అరుగు

లచ్చమ్మ అరుగు మీద ఎండిన ఇప్పపువ్వు ఏరుతోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది, మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

"ఎన్ని ఉన్నయ్?"

"ముప్ఫై ఒకటి. ముప్ఫై లేవు."

"నిన్ను పిలిసింది లెక్కకు గాదు బిడ్డా," అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

మాసా మొద్దును చదును చేస్తూ అన్నాడు, "పిట్టలు, చేపలే గద అవ్వా. నేనే ఏవో కొన్ని చెక్కుత. ఎవలు జూస్తరు?"

"ఆయన జూస్తడు," అంది లచ్చమ్మ.

కన్నయ్య పళ్లు కొరికాడు. "నాకు కండ్లున్నయ్, ఇరవై ఏండ్లకు పైన దాని ముందలికెల్లి నడిసిన, ఒక్కటి యాదికి లేదు. అవ్వ కండ్లకేమో కనపడది."

"నాకు కండ్లెందుకురా? యేడాదికోసారి కొత్తల పండుగకు పసుపు, ఇప్పనూనె రాసింది నువ్వా నేనా?"

అందరం ఆమె చేతుల వైపు చూశాం. నేను కాగితం తీసి ముందు పెట్టి గీయమన్నాను. వేలు కాగితం మీద ఆగిపోయింది. "ఇట్ల కూసుంటె రాదు. నిలబడి గద నూనె రాసేది," అంది.

అప్పుడు మాసా, కన్నయ్య కలిసి మద్ది మొద్దును ఇంటి గోడకు నిలబెట్టారు. లచ్చమ్మ దాని ముందు నిలబడి చేతికి నిజంగానే నూనె పూసుకుంది. మొద్దు నున్నగా ఉంది, ఏమీ లేదు. ఆమె అరచెయ్యి కింది నుంచి పైకి కదిలింది. నేను బొగ్గు ముక్కతో ఆమె వేలి వెంటే గీత గీస్తూ పోయాను.

ముందు ఆమెను పరీక్షించాను. నాకు తెలిసిన మొదటి ముఖం చెప్పమన్నాను. అందుకున్నంత వరకూ అన్నీ నా కాగితంతో కలిశాయి, ఒక్క జింక తప్ప. నా జింక ముందుకు చూస్తోంది. ఆమె వేలు మెడ దగ్గర వెనక్కి తిరిగింది.

"ముందుకే అవ్వా. నేను గీశాను," అన్నాను.

"నువ్ ఒక్క దినం సూసినవ్. నేను ఇరవయ్యారేండ్లు దాని మెడకు నూనె రాసిన. అది కుక్క దిక్కు సూస్తది."

కుక్క దాని వెనకే ఉంది. అది నేనూ గీశాను. రెండూ ఒకే వేటలోవని నాకు తట్టలేదు. జింక మెడ తుడిపేసి వెనక్కి తిప్పాను.

మూడో ముఖంలో ఆమె చెయ్యి ఎనిమిది బొమ్మలిచ్చింది. నాలుగో ముఖంలో పదకొండు. ప్రతి దానికీ ఒక మాట చెప్పింది. ఈ చేప తోకకు చీలిక, నూనె అందులో ఆగేది. ఈ పిట్టకు కాలు ఒకటే, రెండోది చెక్కినోడు మర్చిపోయిండు. మాసా నవ్వి, "మర్చిపోలే అవ్వా, లోపలికి ముడిసింది" అన్నాడు. "మరి నా ఏలుకు దొరకలే," అంది. మునివేళ్ల మీద లేచి చెయ్యి చాచి, అక్కడ ఆగిపోయింది. అరువు తెచ్చిన టేపుతో కొలిచాను. నేల నుంచి అయిదడుగుల నాలుగంగుళాలు. దాని పైన రెండడుగుల నాలుగంగుళాలు ఆమె చెయ్యి ఎప్పుడూ వెళ్లలేదు.

పైవాటిలో ఒకటి కన్నయ్య ఇచ్చాడు. నాలుగో ముఖం కొసన తండ్రి సైకిలు, దానికి గంట ఎందుకు లేదని చిన్నప్పుడు ఏడ్చాడట. మరొకటి మాసాది. చిన్నాయన మూడో ముఖం పైన ఎప్పుడూ చంద్రుణ్ణే పెట్టేవాడట. ముప్ఫై ఒకటి, పంతొమ్మిది, రెండు. యాభై రెండు.

"మిగిలిన జాగ?" అన్నాడు మాసా ఉలి పట్టుకుని. నేను లచ్చమ్మ పక్కన కూర్చున్నాను.

"ఖాళీగా ఉంచు. నేను తెస్తాను," అన్నాను.

"ఎన్నడు తెస్తవ్?" అంది లచ్చమ్మ.

"తెలియదు అవ్వా. తెస్తాను."

ఆమె ఇప్పపువ్వు చాట నా ఒళ్లోకి జరిపింది. పుల్లలు ఏరమని.

ఆ తర్వాత

కొత్త కంబం నిలబడింది. మూడో ముఖం పైన, నాలుగో ముఖం పైన చెక్కని కొయ్య నున్నగా ఉందని కన్నయ్య చెప్పాడు. దారిన పోయేవాళ్లు అడిగితే లచ్చమ్మ, "ఖమ్మం ఆమె తెస్తది" అంటుందట.

అప్పటి నుంచి రెండుసార్లు వెళ్లాను. ఆ ఎడమచేతి ఆయన చెక్కిన కంబాలు ఇంకా నాలుగు నిలబడి ఉన్నాయి, మాసా చూపించాడు. నాలుగింటి మీది ప్రతి పిట్టనూ గీశాను, ఒక్క ఫోటో తీయలేదు. లెక్క గీయడం అయ్యాకే పెట్టుకున్నాను. ముప్ఫై ఎనిమిది పిట్టలు. ఆయన ఏ రెండు పిట్టల్నీ ఒకేలా చెక్కలేదు. ఒక్కో ఇంటివాళ్లను వాళ్ల మనిషి ఏ పిట్టను ఎలా పట్టేవాడో అడిగి చెక్కేవాడట. అందుకే వాటిలో ఏదీ భీమయ్యది కాదు. అయిదో కంబం అడవిలో ఇంకా లోపల ఉందంటున్నారు. వానలు తగ్గాక వెళ్తాను. భీమయ్యతో వేటకు వెళ్లిన ముసలాయన ఒకరు మరైగూడలో బిడ్డ దగ్గర ఉన్నాడని తెలిసింది. కాగితాలు పట్టుకుని అక్కడికీ వెళ్తాను.

కన్నయ్య నెలకోసారి ఫోను చేస్తాడు. వెనక నుంచి లచ్చమ్మ గొంతు వినిపిస్తుంది, "ఇంకెన్ని రావాలెనో అడుగురా" అని. ఇది రాస్తున్న ఇవాళ్టికి ఇంకా రావాల్సినవి పిట్టలు అయిదు, చేపలు రెండు, మనుషులు ఇద్దరు. తొమ్మిది.